గట్టు లోపల పురుడు

ఆ మధ్యాహ్నం రొయ్యల గుంట గట్టు మీద ఉన్నవి ఇవి: నలుగురు మనుషులు, ఒక పార, రెండు గంపలు, మిగిలిపోయిన బంకమన్ను, అన్నం తెచ్చిన సత్తు క్యారియరు, నా కెమెరా. నలుగురిలో గుంట సొంతదారు రవణమ్మక్క, ఆమె భర్త పెంచలయ్య బావ, పక్క గుంట మస్తాన్ భాయ్, నేను. గట్టుకు అవతల, సముద్రపు పాయలో, నోట చేపతో ఒక నీటికుక్క. గట్టు లోపల ఎన్ని ఉన్నాయో అప్పటికి ఎవరికీ తెలియదు.

అక్కడికి ఎలా వెళ్లానో మొదటినుంచి చెబుతాను.

తడ

నేను తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో మీటర్లు సరిచూసే పని చేస్తాను. మాది బద్వేలు వైపు మెట్ట ఊరు. ఉద్యోగానికి వచ్చేదాకా నేను సముద్రం చూడలేదు. ఇక్కడికి చలికాలంలో జనం కార్లేసుకుని పులికాట్ కొంగల్ని చూడడానికి వస్తారు. పెళ్లాం బిడ్డల్ని ఊళ్లో ఉంచి మా గదిలో ఉండే సురేష్‌ది నెల్లూరు వైపు. ఒకరోజు మాటల్లో, "కొంగలదేముందిరా, మా అక్కావాళ్ల గుంటల కాడ నీటికుక్కలే తిరగతా ఉంటాయి," అన్నాడు. నీటికుక్క కుక్క కాదు. ముంగిసలాంటి పొడుగాటి ఒళ్లు, పిల్లి మీసాలు, వేళ్ల మధ్య బాతుకున్నట్టు చర్మం. అప్పటికి నేను దాన్ని బొమ్మల్లోనే చూశాను.

సెలవు పెట్టాను. ఈ తీరంలో చూడాలనుకున్నవి రాసుకున్నాను: గుంటనక్క, ముంగిస, బావురుపిల్లి, నీటికుక్క, డాల్ఫిన్. అన్నీ పాలిచ్చి పిల్లల్ని పెంచేవే. పక్షుల్ని లెక్కపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వాటిని వదిలేశాను.

మొదటిది బస్సు ఎక్కకముందే కనిపించింది. తెల్లారాక టీ కోసం నడుస్తుంటే, నీళ్లు తగ్గి బీటలువారిన సరస్సు నేల మీద ఒక గుంటనక్క తన దారిన తాను పోతోంది. ఒకసారి ఆగి నన్ను చూసి, పనికొచ్చే మనిషి కాదని తేల్చుకున్నట్టు మళ్లీ నడిచింది. టీ కొట్టు ఆమెకు చెప్పాను. ఆమె ఒక గిరాకీతో తమిళం, ఇంకొకరితో తెలుగు ఆపకుండా మాట్లాడుతోంది.

"నక్క తోక తొక్కినావా?"

"లేదక్కా, దూరం నించి చూశాను."

"చూస్తే ఏమొస్తాది? తొక్కాల," అని చిల్లర చేతిలో పెట్టింది.

నెల్లూరు, తోటపల్లి గూడూరు

నెల్లూరులో కారం దోసె తిన్నాను. నలభై రూపాయలు. మా వైపు కారం దోసెలో ఎర్రకారం మీద పప్పుల పొడి చల్లుతారు, అందుకని కాస్త మెత్తగా ఉంటుంది. ఇక్కడ ఆ దాక్షిణ్యం లేదు. కళ్లు తుడుచుకుంటుంటే పక్కాయన నా వైపు మంచినీళ్లు జరిపి, "కడపోళ్లా?" అన్నాడు. ఎలా తెలిసిందంటే, "మీరు కారం తింటామని చెప్పుకుంటారు, మేం తింటాం," అన్నాడు.

తోటపల్లి గూడూరు బస్సులో కండక్టరు నా సంచీ, కెమెరా చూసి, "రొయ్యలు కొనను వచ్చినావా, మందులు అమ్మను వచ్చినావా?" అని అడిగాడు. నీటికుక్కల్ని చూడడానికని చెప్పాను.

"టికెట్టు కొనుక్కోని మరీ?"

బస్సులో నవ్వారు. వెనక సీటు ముసలాయన మాత్రం నవ్వలేదు. "మా చిన్నప్పుడు కాలవలో ఈదతా ఉంటే పక్కనే ఈదేయి. ఇప్పుడు కొనుక్కోని పోయి చూడాల్సిందే," అన్నాడు.

కిటికీలోంచి ముందు వరి, ఆ తర్వాత వరి మధ్య గుంటలు, ఆ తర్వాత గుంటల మధ్య వరి. చివరికి గుంటలే. రొయ్యలు పెంచే చెరువును ఇక్కడ గుంట అంటారు. గుంటల మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకు సన్నటి దారాలు లాగి ఉన్నాయి, కొంగలు వాలకుండా. మా ఊళ్లో వేరుశనగ చేను చుట్టూ అడవి పందులు రాకుండా పాత చీరలు కడతాం. మేం పక్క నుంచి వచ్చేవాటికి భయపడతాం, వీళ్లు పై నుంచి వచ్చేవాటికి. నీటికుక్క కింద నుంచి వస్తుందని ఆ రోజుకు నాకు తోచలేదు.

పాయ ఒడ్డు

రవణమ్మక్క సురేష్‌కు స్వయానా అక్క. నన్ను చూడగానే, "మావాడికన్నా బక్కగా ఉండావే, ఇద్దరికీ కలిపి ఒకే మనిషి వంట చేసుకుంటారా?" అంది. ముందురోజు వండిన చేపల పులుసు పెట్టింది. అందులో మామిడికాయ ముక్కలు. చేపల పులుసు వండిన రోజు తినేవాళ్లు తొందరగాళ్లని ఆమె అభిప్రాయం. మా ఇంట్లో చేప వండటమే సంవత్సరంలో రెండుమూడుసార్లు, అదీ చెరువు పట్టినప్పుడు. మర్నాటికి మిగలడమన్నది మాకు తెలియదు.

సాయంత్రం పెంచలయ్య బావ నన్ను చిన్న పడవలో పాయలోకి తీసుకుపోయాడు. ఆయన తక్కువ మాటల మనిషి. పాయకు అవతల ఒడ్డున మడచెట్లు. బురదలోంచి వాటి వేళ్లు పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచి ఉంటాయి. ఉప్పునీటి బురదలో ఊపిరి ఆడక చెట్టు పైకి పంపే వేళ్లవి. ఒక దిబ్బ మీద బురదలో పిల్లి అడుగుల్లాంటివి, కానీ పెద్దవి. బావురుపిల్లివని బావ చెప్పాడు. నీళ్లలో దిగి చేపలు పట్టే పిల్లి అది. పిల్లిని చూడలేదు కాబట్టి నా జాబితాలో అడుగులు అనే రాసుకున్నాను. ముంగిసలు రెండు కనిపించాయి. ఇంకో దిబ్బ మీద పొలుసులు, పీత డిప్పలు కలిసిన ఎండు పెంటలు.

"ఇయ్యి నీటికుక్కలయ్యి," అన్నాడు బావ. "పోయిన పంటలో మా గుంటలో పడి తినింది తినింది, కొరికి పారేసింది పారేసింది. నువ్వు ఫోటో తీసుకో. నాకు చూపించబాక."

ఆ పంట దెబ్బతినడానికి నీటికుక్కలతోపాటు తెగులు కూడా కారణమని రవణమ్మక్క తర్వాత చెప్పింది. తెగులు మీద కోపం చూపించడానికి దానికి మొహం లేదు కదా.

ఈసారి పంట వాళ్లకు ఎందుకు ముఖ్యమో ఆ రాత్రి అన్నాల దగ్గర తెలిసింది. పోయిన పంట పోయింది. ఈ పంట వేసవి ముదిరేలోపు చేతికి రావాలి. గుంట ఎండబెట్టి, దున్ని, సున్నం చల్లి సిద్ధం చేశారు. పౌర్ణమి పోటుకు నీళ్లు పెట్టాలి. ఆ నీటికి నాచు పట్టి రంగు వచ్చే నాటికి రొయ్యపిల్ల దిగేలా, పిల్లను పొదిగించి అమ్మే హేచరీలో చెప్పి పెట్టారు. అమావాస్య, పౌర్ణమి పోటుల్లోనే పాయలోకి మంచి సముద్రపు నీళ్లు ఎక్కుతాయి. ఒకరు నీళ్లు తీసుకునే పోటుకు ఇంకొకరు తమ గుంటలోని మురికినీళ్లు పాయలోకి వదలకూడదు. అందుకని ఆ పాయ మీద గుంటలవాళ్లకు వంతులున్నాయి. ఈ పౌర్ణమి రవణమ్మక్కది. వచ్చే అమావాస్య మస్తాన్ భాయ్‌ది. వంతు తప్పితే మళ్లీ వరస తిరిగి రావాలి.

బొక్కలు

నీళ్లు పెట్టే ముందు గట్టుకున్న బొక్కలన్నీ పూడుస్తారు. పీతలు, పందికొక్కులు గట్టును జల్లెడ చేస్తాయి. పొడి గుంటలో దిగి, బొక్క దగ్గర కొబ్బరిపీచు కాల్చి పొగ ఊదుతారు. పొగ అవతల ఎక్కడ తేలితే అక్కడిదాకా బొక్క ఉన్నట్టు. రెండువైపులా బంకమన్ను, వరిగడ్డి కలిపి కొట్టేస్తారు. మా ఊళ్లో ఎలుకల కోసం పొగ పెట్టడం చూశాను, గట్టు లీకు వెతకడానికి పొగ పెట్టడం ఇక్కడే చూశాను. ఫ్యాక్టరీలో మేం పైపులకు చేసే పరీక్షే, ఖర్చు లేకుండా.

పొద్దున్నే అన్నీ పూడ్చేశాం. నేనూ గంపలు మోశాను. చివరిది పాయ వైపు, ఆటుకు నీళ్లు తగ్గాక బయటపడిన బొక్క. నా తల పట్టేంత ఉంది. గుంట వైపు తెరుచుకోలేదు కాబట్టి దానికి పొగ పెట్టలేదు. "ముసలి పందికొక్కు," అని బావ నాలుగు గంపల మన్ను కొట్టి, కాలితో తొక్కి, పైన పట్టా సంచి కప్పాడు.

తర్వాత గట్టు మీద కూర్చుని క్యారియరు విప్పాం. మస్తాన్ భాయ్ టీ ఫ్లాస్కుతో వచ్చాడు. ఆయన నాన్న వలలు అల్లి అమ్మేవాడట. ఈయన వలల కొట్టు కొడుక్కి వదిలి గుంటలోకి దిగాడు. "వల అమ్ముకున్నోడు బాగుపడినాడు, వల వేసినోడు బాగుపడినాడు. రొయ్యలు పెంచినోడు మాత్రం ఆకాశం చూస్తా ఉంటాడు," అని నాకు టీ పోశాడు.

అప్పుడు వచ్చింది నీటికుక్క.

పాయ మధ్యలో ముందు మీసాలు, ఆ తర్వాత తల. నోట అడ్డంగా వెండి రంగు చేప. గట్టు దాకా వచ్చి మునిగింది. లేచింది, వెనక్కి పోయింది, మళ్లీ వచ్చింది. నేను కెమెరా తీసి ఆపకుండా నొక్కుతూనే ఉన్నాను. ఇంత దగ్గరగా, ఇంత వెలుతురులో దొరకడం! ఈలలాంటి సన్నటి కూత వేసింది. చేప మాత్రం వదల్లేదు.

"ఫోటోకి నిలబడతా ఉండాదబ్బా," అన్నాడు మస్తాన్ భాయ్.

రవణమ్మక్క ముద్ద నోట్లో పెట్టుకోవడం ఆపింది.

"అది తినదేంది?"

"కడుపు నిండుంటాది. మన రొయ్యలు తినీ తినీ," అన్నాడు బావ.

"నిండినోళ్లు నోట్లో పెట్టుకోని తిరగతారా? ఎవురికో తెచ్చినాది." ఆమె గట్టు అంచుకు పోయి కిందికి చూసింది. నీటికుక్క మునిగి, మేం కప్పిన పట్టా సంచి పక్కనే తేలింది. "ఏమయ్యా. నువ్వు పూడ్చింది పందికొక్కు బొక్క కాదు."

బావ అన్నం కలుపుతూనే ఉన్నాడు, తినడం లేదు.

"ఐతే ఏంది?" అన్నాడు చివరికి. "ఎల్లుండి పౌర్ణమి. బొరియ తెరిచి నీళ్లు పెడితే నీళ్ల బరువుకి గట్టు ఆడనే తెగతాది. తెగితే పంటా లేదు, అయ్యీ లేవు. తెరవకపోతే పంటన్నా ఉంటాది."

లెక్క ప్రకారం ఆయన మాట సరైనదే. నేనూ మనసులో ఆ గట్టు మందం, నీటి లోతు వేసుకుని చూశాను. బొరియ ఉండగా ఆ గుంటకు నీళ్లు పెట్టకూడదు.

"పురిటి ఇంటికి బయట గొళ్లెం పెట్టి, లోపల బిడ్డలుండారని తెలిసీ అన్నం తింటావా?" అంది రవణమ్మక్క. అరవలేదు. "సురేషుగాడు పుట్టినప్పుడు మా గుడిసె ఖాళీ చేయమని గుంట ఆసామి వస్తే, గుమ్మానికి కట్టిన పురిటి వేపమండ చూసి మా అమ్మతో మాట్లాడకండా తిరిగిపోయినాడంట. అంత చెడ్డోడే పోయినాడు."

"అది మనుషులకు."

"బాలింత బాలింతే."

"మన రొయ్యలు తినే బాలింత!"

"నేను సురేషుగాడి పెళ్లాం పురిటికి కోళ్లు కోసి పెట్టలా? ఆ పిల్ల నాకేం పెట్టింది?"

మస్తాన్ భాయ్‌కు టీ పొలమారింది. బావ నవ్వకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాడు. తర్వాత చెయ్యి కడుక్కుని, పార తీసుకుని, మొలలోతు నీళ్లలోకి దిగి పట్టా సంచి లాగేశాడు. పోటు ఎక్కడం మొదలైంది. పూడ్చినంత సులభంగా మన్ను రాలేదు. తడిసి బిగిసింది. పార లోపలికి దూసుకుపోతుందేమోనని ఆయన కొంతసేపటికి పార విసిరేసి చేతులతో తోడాడు. నేనూ దిగి, తోడిన మన్ను పక్కకు లాగాను. రంధ్రం తెరుచుకున్నాక ఆయన చెవి పెట్టి, మాకు చెయ్యి ఎత్తి చూపాడు. మాట్లాడొద్దని.

"కీసుమంటా ఉండాయి," అన్నాడు. ఎన్ని అంటే తెలియదన్నాడు. ఒకటి అరిచినా అట్లే ఉంటుంది, ఐదు అరిచినా అట్లే ఉంటుంది.

మేం దూరం జరిగి కూర్చున్నాం. నీటికుక్క చాలాసేపు రాలేదు. వచ్చి, చేపతోనే బొరియలోకి పోయింది.

సున్నం

ఇక మిగిలింది పంట. పౌర్ణమికి నీళ్లు పెట్టకపోతే వంతు పోతుంది, చెప్పిపెట్టిన రొయ్యపిల్లకు గుంట ఉండదు. రవణమ్మక్క మస్తాన్ భాయ్ వైపు తిరిగింది. ఆయన అప్పటికే లేచి చెప్పులు వేసుకుంటున్నాడు.

"యాడికన్నా?"

"నువ్వు అడగబోయేది నాకు తెలుసు రవణక్కా. నా గుంటకి ఇంకా సున్నమే చల్లలా."

"చల్లితే?"

"ఎల్లుండికా? కూలోళ్లు యాడ దొరకతారు?"

"ఇంతమందిమి ఉండాం కదా."

ఒప్పందం అక్కడే కుదిరింది. మస్తాన్ భాయ్ ఆమె పౌర్ణమి తీసుకుంటాడు, ఆమె చెప్పిపెట్టిన రొయ్యపిల్లను తన గుంటలో వదులుతాడు. ఆమె ఆయన అమావాస్య తీసుకుంటుంది, ఆయన చెప్పిపెట్టిన పిల్ల ఆమెకు వస్తుంది. "నీ పిల్ల నాసిరకమైతే నీ నీటికుక్కల్ని నా గుంటకి అద్దెకి పంపించు, కసి తీర్చుకుంటా," అన్నాడు. వాయిదా మాత్రం బావ పెట్టాడు. "అమావాస్య దాకా. ఆ రోజు పొద్దునకి అయ్యి పోకపోతే పూడుస్తా. అప్పుడు నాకు పురుడు కథలు చెప్పబాక." ఆమె సరేనంది. పదిహేను రోజులు చూసి పోనిదాన్ని ఇంకేం చేయగలమని నాతో మెల్లగా అంది. అమావాస్య దాటితే ఎండలకు పంట నిలవదు. అది ఆమెకూ తెలుసు.

ఊళ్లోంచి వేపమండ తెచ్చి బొరియ మీద గట్టులో గుచ్చింది. శాస్త్రానికి కాదు, మట్టి పనివాళ్లు ఎవరైనా చూసి పూడ్చకుండా. ఇక్కడ వేపమండ అర్థం అందరికీ తెలుసు.

మర్నాడంతా మస్తాన్ భాయ్ గుంటలో సున్నం చల్లాం. గాలికి వెనక్కి తిరిగి చల్లాలని అందరూ చెప్పారు. గాలి ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేదు. చెమట పట్టిన మెడ మీద, చేతుల మీద సున్నం పడి మంట ఎత్తింది. మస్తాన్ భాయ్ భార్య నన్ను నీళ్ల తొట్టి దగ్గరికి లాక్కెళ్లి, బిందెలకొద్దీ నీళ్లు పోసి, ఆ తర్వాత కొబ్బరినూనె పూసి, "పెళ్లికొడుకుని చేసినాం, పిల్ల ఎవురో చెప్పు," అంది. ఆ చొక్కా ఇప్పటికీ అక్కడే ఉంది, పొయ్యి దగ్గర మసిగుడ్డగా. మధ్యాహ్నం బిర్యానీ వాళ్లింట్లోనే. పౌర్ణమి పోటుకు పాయ నిండి, మోటారు ఆడి, మస్తాన్ భాయ్ గుంటలో నీళ్లు పడ్డాయి. పక్కనే రవణమ్మక్క గుంట ఖాళీగా నెర్రెలు విచ్చి ఉంది. ఆమె అటు చూడకుండా మోటారు వైపే చూస్తూ నిలబడింది.

జువ్వలదిన్నె

జాబితాలో డాల్ఫిన్ మిగిలింది. ఉత్తరాన జువ్వలదిన్నెకు పోయాను. హార్బరులో పడవ దించుతున్న ఒకాయన పొద్దున్నే వస్తే కనిపిస్తాయన్నాడు. పొద్దున్నే పోయాను. దూరంగా రెండు వీపులు లేచి పడ్డాయి. ఆయన నా కన్నా సంతోషపడ్డాడు, చెప్పినమాట నిలబడినందుకు. డాల్ఫిన్ వలలో పడితే ఏం చేస్తారని అడిగాను. వల కోసి వదులుతామన్నాడు. వల ఖరీదు గుర్తొస్తే ఇంటికి పోయాక తిట్టుకుంటామని కూడా అన్నాడు. ఈ తీరంలో నేను విన్నవాటిలో బాగా నమ్మిన మాట ఇది.

మామూలుగా ఐతే నాకు అక్కడ ఉత్సాహంగా ఉండాలి. కానీ నేను తీసిన ఫోటోలు చూసుకుంటుంటే, చేప పట్టుకుని గట్టు చుట్టూ తిరుగుతున్నవన్నీ ఒకటే ప్రశ్న అడుగుతున్నాయి. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా బొరియ మూసి ఉంది. కీసుమన్నది ఎన్ని? కీసుమననివి ఉన్నాయా?

తడకు తిరిగి వచ్చాను. సురేష్ రోజూ అక్కకు ఫోన్ చేస్తున్నాడు. అంతకుముందు పండక్కి కూడా చేసేవాడు కాదు. వేపమండ ఎండిపోయిందని, కొత్తది గుచ్చానని ఒకరోజు చెప్పింది. ఇంకోరోజు తల్లితోపాటు ఇంకొకటి కూడా చేపలు తెస్తోందని, అది మొగుడై ఉంటుందని, "మీ బావ మాదిరే, ఒక మాట మాట్లాడడు, పని చేసుకోని పోతాడు," అని చెప్పింది. అమావాస్య దగ్గరపడింది. పిల్లల సంగతి మాత్రం లేదు.

అమావాస్యకు రెండు రోజుల ముందు ఆమే ఫోన్ చేసింది.

"పోతా ఉండాయి! మెడ కరచుకోని, ఒక్కోదాన్నే, పాయ దాటించి మడచెట్లలోకి. మీ బావ నన్ను గట్టెక్కనీలా. కనిపిస్తే బెదిరిపోతాదని మోటారు షెడ్డులో కూర్చోబెట్టినాడు."

"ఎన్ని అక్కా?"

చెప్పింది.

"లోపల ఏమన్నా మిగిలినాయా?" అని అడిగాను. అడగాలని లేదు, కానీ అడిగాను.

"నీకన్నా ముందు మీ బావ అడిగినాడు నన్ను. నాకేం తెలుసన్నా. ఆటు తగ్గినాక పోయి బురదలో పండుకోని, భుజం దాకా చెయ్యి పెట్టి గోడలన్నీ తడిమినాడు. చేప ముళ్లు తప్ప ఏం రాలా. అప్పుడు పూడ్చినాడు."

ఆ గుంటకు అమావాస్య పోటుకు నీళ్లు పెట్టారు. నా జాబితా చివర ఇలా రాసుకున్నాను:

గుంటనక్క ఒకటి. ముంగిసలు రెండు. డాల్ఫిన్లు రెండు. బావురుపిల్లి, అడుగులు మాత్రమే. నీటికుక్కలు పెద్దవి రెండు, పిల్లలు నాలుగు. బొరియలో మిగిలినవి సున్న.